పత్రికా స్వేచ్ఛ, రైతు శిస్తు: రామమోహన్ రాయ్‌కి రెండూ ఒకే వ్యవహారం

సంపాదకుల వారికి,

అయ్యా,

మే 22న రాజా రామమోహన్ రాయ్ జయంతి సందర్భంగా తెలుగు పత్రికల్లో ఏటా వచ్చే వ్యాసాలలో ఆయన సతీసహగమనాన్ని మాన్పించిన మహనీయుడిగానే కనిపిస్తారు. 1829 డిసెంబరు 4న గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ చేసిన శాసనం వెనుక ఆయన కృషి ఉన్న మాట నిజమే; దాన్ని ఎంత చెప్పుకున్నా తక్కువే. అయితే వ్యాసం ఆ ఒక్క ఘట్టం దగ్గరే ఆగిపోతుండడం వల్ల, పత్రికల స్వేచ్ఛ కోసం 1823లో ఆయన రాసిన మహజర్లు (విన్నపపత్రాలు), రైతు చెల్లించే శిస్తు గురించి 1831లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీకి ఆయన ఇచ్చిన లిఖిత సమాధానాలు మన పాఠకుల దృష్టికి రావడం లేదు. వీటిని ప్రస్తావించేవారు కూడా ఒకదాన్ని పత్రికల చరిత్రలోను, మరొకదాన్ని భూమి చరిత్రలోను పెట్టి ఊరుకుంటారు. పక్కపక్కన ఉంచి చదివితే, పత్రిక లేని చోట సేద్యగాడికి న్యాయం అందదన్న వాదమే రెండింటిలోనూ నడిచిందని తెలుస్తుంది. ఆ వాదం ఉత్తరాంధ్రకు ఎంత దగ్గరిదో చెప్పడానికే ఈ లేఖ. రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ని కావడం వల్ల, ఆయనలోని మత సంస్కర్త కంటే ఆయనలోని రెవెన్యూ ఉద్యోగి మీద నాకు ఆసక్తి ఎక్కువని ముందే మనవి చేసుకుంటున్నాను.

రామమోహన్ రాయ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో జాన్ డిగ్బీ అనే అధికారి దగ్గర కొన్నేళ్లు పనిచేశారు. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న రంగపూర్‌లో శిస్తు వ్యవహారాలు దగ్గరుండి చూసి, 1814 ప్రాంతంలో కొలువు చాలించి కలకత్తాలో స్థిరపడ్డారు. సొంతానికి భూములు కూడా సంపాదించుకున్నారు. అంటే జమీందారు ప్రభుత్వానికి కట్టే శిస్తును ఎప్పటికీ మారకుండా స్థిరపరిచిన శాశ్వత శిస్తు నిర్ణయం వల్ల బాగుపడిన వర్గంలో ఆయనా ఒకరు. తరువాతి రోజుల్లో రైతు పక్షాన ఆయన చెప్పిన సాక్ష్యానికి ఎంత విలువ ఉందో ఈ నేపథ్యం తెలిస్తేనే బోధపడుతుంది. కచేరీ లోపల కాగితం ఎలా నడుస్తుందో, గ్రామంలో రాసిన అంకె పై అధికారి బల్ల మీదికి చేరేసరికి ఏ రూపం దాలుస్తుందో ఎరిగిన మనిషి రాసిన రాత అది.

ముందు పత్రికల సంగతి. 1821 డిసెంబరులో బెంగాలీ వారపత్రిక ‘సంవాద కౌముది’, 1822 ఏప్రిల్‌లో పారశీక వారపత్రిక ‘మిరాత్-ఉల్-అఖ్బార్’ ఆయన పూనికతో వెలువడ్డాయి. అదే కాలంలో ‘కలకత్తా జర్నల్’ సంపాదకుడు జేమ్స్ సిల్క్ బకింగ్‌హామ్, ఒక మతాచార్యుడికి ప్రభుత్వ స్టేషనరీ గుమాస్తా పదవి కట్టబెట్టడాన్ని ఎద్దేవా చేస్తూ రాసినందుకు 1823లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆయన ఇంగ్లీషువాడు గనుక ఓడ ఎక్కించి పంపగలిగారు. స్వదేశీ సంపాదకులను పంపడానికి వేరే దేశం లేదు గనుక వారికి వేరే ఉపాయం కావలసి వచ్చింది. తాత్కాలిక గవర్నర్ జనరల్ జాన్ ఆడమ్ 1823 మార్చిలో తెచ్చిన పత్రికా శాసనం ప్రకారం, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు లేనిదే ఎవరూ వార్తాపత్రిక ప్రచురించరాదు; ఇచ్చిన లైసెన్సును కారణం చెప్పకుండానే వెనక్కి తీసుకోవచ్చు.

ఆ రోజుల్లో ఇటువంటి శాసనం చెల్లాలంటే కలకత్తా సుప్రీంకోర్టులో నమోదు కావాలి. నమోదు చేయవద్దని కోరుతూ రామమోహన్ రాయ్, ద్వారకానాథ్ ఠాకూర్, చంద్రకుమార్ ఠాకూర్, ప్రసన్నకుమార్ ఠాకూర్, హరచంద్ర ఘోష్, గౌరీచరణ్ బెనర్జీ కలిసి ఒక మహజరు దాఖలు చేశారు. సంతకాలు ఆరే. కలకత్తా వంటి నగరంలో ఆరుగురే ముందుకు వచ్చారంటే అప్పటి భయం ఎంతటిదో ఊహించుకోవచ్చు. న్యాయమూర్తి ఫ్రాన్సిస్ మెక్నాటెన్ వారి వాదాన్ని తోసిపుచ్చి, ఏప్రిల్ 4న శాసనాన్ని నమోదు చేశారు. అదే రోజు ‘మిరాత్-ఉల్-అఖ్బార్’ చివరి సంచిక వెలువడింది. బంట్రోతులను, ద్వారపాలకులను బతిమాలుకుంటూ కచేరీ గుమ్మాల్లో నిలబడి, నలుగురి ఎదుట ప్రమాణపత్రం ఇచ్చి, ఆ పైన లైసెన్సు ఎప్పుడు ఊడుతుందోనని బెంగపడుతూ పత్రిక నడపడం కంటే మూసివేయడమే మేలని ఆ సంచికలో ఆయన పాఠకులకు విన్నవించుకున్నారు. గుండె నెత్తురు ధారపోసి సంపాదించుకున్న గౌరవాన్ని ఏదో మేలు జరుగుతుందన్న ఆశతో ద్వారపాలకుడి చేతిలో పెట్టవద్దన్న ఒక పారశీక పద్యం కూడా ఆ విన్నపంలో ఉంది. పత్రిక మూసినా పని ఆపలేదు. ఇంగ్లండు రాజుకు అప్పీలు రాశారు. రాజుకు సలహా చెప్పే ప్రీవీ కౌన్సిల్ 1825లో దాన్ని కొట్టివేసింది. చివరికి తాత్కాలిక గవర్నర్ జనరల్ చార్లెస్ మెట్‌కాఫ్ 1835లో ఆ లైసెన్సుల విధానాన్ని తొలగించే నాటికి రామమోహన్ రాయ్ మరణించి రెండేళ్లయింది.

ఆ మహజరులోని వాదాన్ని కాస్త నిదానంగా చూడాలి. పత్రిక పెట్టుకోవడం నా హక్కు, దాన్ని ఆపడానికి మీరెవరు అన్న ధోరణి అందులో ప్రధానం కాదు. విశాలమైన సామ్రాజ్యాన్ని పాలించేవాడు పొరపడక తప్పదు. మనిషి స్వభావంలోని లోపాన్ని ఎరిగిన మంచి పాలకుడు, తాను జోక్యం చేసుకోవలసిన ప్రతి సంగతినీ తన దృష్టికి తెచ్చే సులువైన మార్గం ప్రతి వ్యక్తికీ ఉండాలని తానే కోరుకుంటాడు. ఆ పనికి నిరాటంకమైన ప్రచురణ స్వేచ్ఛ ఒక్కటే సరైన సాధనం. ఎవరైనా దాన్ని దుర్వినియోగం చేస్తే శిక్షించడానికి ఉన్న చట్టాలు చాలు. ఆయన అన్న మాటల సారం ఇది. అంటే పత్రికా స్వేచ్ఛను ఆయన సంపాదకుడి సౌకర్యంగా గాక, ఫిర్యాదు చేయవలసిన అనామకుడి సాధనంగా చూశారు. పత్రిక రాసిందల్లా ఒప్పేనని ఎక్కడా అనలేదు, చట్టానికి అతీతంగా ఉంచమనీ అడగలేదు.

రాజుకు రాసుకున్న అప్పీలులో మరో ముచ్చటైన సంగతి ఉంది. మొగలు చక్రవర్తులు నిరంకుశులే అయినా తమ నవాబుల కొలువుల్లో ఇద్దరేసి వార్తాహరులను ఉంచేవారని ఆయన గుర్తు చేశారు. జరిగిన సంగతులను బహిరంగంగా రాసేవాడు అఖ్బార్ నవీస్, చాటుగా రాసి పంపేవాడు ఖుఫియా నవీస్. నవాబు బంధువైనా, మిత్రుడైనా, అతని మాటను మాత్రమే నమ్ముకుని దూరదేశాన్ని ఏలకూడదన్న జాగ్రత్త మొగలులకే ఉండగా, సముద్రాల అవతల కూర్చుని ఏలేవారికి ఎంత ఉండాలి అన్నది ప్రశ్న. తమ కంటే వెనుకబడినవారని కంపెనీ దొరలు చెప్పుకునే పాలకులతోనే వారిని పోల్చి చూపడంలో ఉన్న చురక నాకు చదివినప్పుడల్లా నవ్వు తెప్పిస్తుంది.

ఇక 1831. మొగలు పాదుషా రెండవ అక్బర్ ఇచ్చిన రాజా బిరుదుతో, ఆయన తరఫున రాయబారం మోసుకుని 1830 నవంబరులో ఓడ ఎక్కిన రామమోహన్ రాయ్ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లండు చేరారు. కంపెనీ పట్టాను (చార్టర్‌ను) పొడిగించాలా వద్దా అన్న విచారణ అక్కడ నడుస్తున్న కాలం అది. పార్లమెంటు కమిటీ న్యాయ వ్యవస్థ గురించి, శిస్తు వ్యవస్థ గురించి అడిగిన ప్రశ్నలకు ఆయన లిఖితపూర్వకంగా సమాధానాలిచ్చారు. సేద్యగాళ్ల స్థితి ఎలా ఉందన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన బెంగాలుతో సరిపెట్టకుండా మద్రాసు రాజధానిని (ప్రెసిడెన్సీని) కూడా కలుపుకున్నారు. బెంగాలులోని జమీందారీ పద్ధతిలో రైతు జమీందారు పేరాశకు బలి అవుతున్నాడనీ, మద్రాసులోని, ప్రభుత్వమే రైతు దగ్గర నేరుగా శిస్తు వసూలు చేసే రైతువారీ పద్ధతిలో సర్వే ఉద్యోగుల, రెవెన్యూ ఉద్యోగుల దోపిడికీ కుయుక్తులకూ చిక్కుతున్నాడనీ, రెండుచోట్లా అతని బతుకు దీనంగానే ఉందనీ తేల్చి చెప్పారు. బెంగాలు జమీందారుకు మాత్రం ప్రభుత్వం తన వంతు శిస్తులో మేలు చేసిందనీ, ఆ మేలులో రవ్వంతైనా రైతుకు దక్కలేదనీ అన్నారు. పంట విరగపండిన ఏడు ధర పడిపోతుంది గనుక, భూస్వామి బాకీ తీర్చడానికి రైతు పంటంతా అమ్ముకోవలసి వచ్చి, విత్తనానికీ ఇంటిల్లిపాది తిండికీ మిగిలేది దాదాపు ఏమీ ఉండదని కూడా రాశారు. కరువు ఏడు నష్టం అందరికీ కనిపిస్తుంది. మంచి ఏడు వచ్చే నష్టం శిస్తు లెక్కలు చూసినవాడికే కనిపిస్తుంది.

పరిష్కారం కూడా ఆయన చూపారు. 1793 నాటి శాశ్వత నిర్ణయం జమీందారు ప్రభుత్వానికి కట్టేదాన్ని స్థిరపరిచింది. రైతు జమీందారుకు కట్టేదాన్ని కూడా అలాగే స్థిరపరచాలి, ఇకపై పెంచకుండా నిషేధించాలి, మితిమీరి ఉన్నచోట తగ్గించాలి. అందువల్ల సర్కారుకు లోటు వస్తే విలాస వస్తువుల మీద పన్ను వేసి, పెద్ద జీతాల ఐరోపా కలెక్టర్ల స్థానంలో తక్కువ జీతానికి స్వదేశీయులను నియమించి పూడ్చుకోవాలి. హక్కులు స్థిరపడిన రైతులు ప్రభుత్వాన్ని కాపాడుకోవడానికి తామే ముందుకు వస్తారనీ, అప్పుడు అంత ఖర్చుతో పెద్ద సైన్యాన్ని పోషించే అవసరం ఉండదనీ కూడా చేర్చారు. ఈ చివరి మాటలో లౌక్యం ఉంది. ధర్మం వినిపించని చెవికి జమాఖర్చు వినిపించడం రెవెన్యూ కొలువులో నేర్చిన విద్యే అయి ఉండాలి.

ఈ రెండు సందర్భాలను కలిపే మాట న్యాయస్థానాల గురించిన సమాధానాలలో ఉంది. మఫసలు కోర్టుల్లో, అంటే కలకత్తా బయటి జిల్లా కోర్టుల్లో, న్యాయం సరిగా జరగకపోవడానికి కారణాలు వరుసగా చెబుతూ, జడ్జీలు చాలినంత మంది లేకపోవడం, ఉన్నవారికి ప్రజల భాష సరిగా రాకపోవడం వంటివాటితో పాటు, ఆ కోర్టుల్లో జరిగేది రాయడానికి విలేకరులు గానీ, అచ్చు వేయడానికి పత్రికలు గానీ లేకపోవడాన్ని కూడా ఆయన ఒక కారణంగా చూపారు. జడ్జీల నడతను, కింది ఉద్యోగుల నడతను కనిపెట్టి ఉండే ప్రజాభిప్రాయం అందువల్లనే అక్కడ ఏర్పడడం లేదన్నారు. రైతు శిస్తు తగాదా వెళ్లేది ఆ మఫసలు కోర్టుకే. కలకత్తాలో పత్రికకు లైసెన్సు తప్పించినంత మాత్రాన ఆ రైతుకు ఒరిగేదేమీ లేదనీ, అతని వ్యాజ్యం నడిచే చోట కలం పట్టే మనిషి ఒకరుండాలనీ ఆయన గ్రహించారు. పత్రికా స్వేచ్ఛ గురించి మాట్లాడిన అప్పటి పెద్దల్లో ఇంత కిందికి దిగి ఆలోచించినవారు నాకు మరొకరు కనబడలేదు.

మన ప్రాంతానికి వస్తే, శాశ్వత శిస్తు నిర్ణయం ఉత్తర సర్కార్లకు 1802లో వచ్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1794 జూలై 10న, పేష్కషు (కంపెనీకి కట్టవలసిన కప్పం) వివాదంలో కంపెనీకి లొంగని విజయనగరం రాజు చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర జరిగిన యుద్ధంలో మరణించారు. ఆ యుద్ధాన్ని మనం రాజు కథగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. అయితే రాజు కట్టే పేష్కషు మీద అంత రణం జరిగితే, ఆ పేష్కషు ఎవరి ధాన్యంలోంచి వచ్చిందో వారి వాంగ్మూలం ఏ దస్త్రంలోనూ దొరకదు. తరువాతి కాలపు విశాఖపట్నం జిల్లాలో సర్వసిద్ధి, గొలుగొండ వంటి, రైతువారీ పద్ధతిలో ఉన్న ప్రభుత్వ తాలూకాలను మినహాయిస్తే అత్యధిక భాగం జమీందారీలే. రామమోహన్ రాయ్ చెప్పిన రెండు రకాల దైన్యమూ ఒకే జిల్లాలో, ఒకే కలెక్టరు కింద ఉండేవన్న మాట. జమీందారు పేష్కషు మారలేదు. రైతు కట్టేది మాత్రం పెరుగుతూ పోయింది. సాగు చేసే రైతు అనుభవ హక్కును మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం గుర్తించే నాటికి 1908 వచ్చింది.

ఆ తరువాత తెలుగునాట ఈ వాదాన్ని ముందుకు తీసుకెళ్లినవారు చాలావరకు పత్రికలు నడిపినవారే కావడం కాకతాళీయం కాదని నా అభిప్రాయం. బ్రహ్మసమాజ భావాలను ఆదరించిన కందుకూరి వీరేశలింగం 1874లో మొదలుపెట్టిన ‘వివేకవర్ధని’లో వితంతు వివాహం గురించి ఎంత రాశారో, లంచగొండి ఉద్యోగుల గురించి, వకీళ్ల అక్రమాల గురించి అంత ధైర్యంగానూ రాశారు. నాలుగేళ్లకే, 1878లో, లిట్టన్ ప్రభుత్వం దేశభాషా పత్రికల మీద మాత్రమే ఆంక్షలు పెట్టే చట్టం తెచ్చింది. ఇంగ్లీషు పత్రికలను వదిలి దేశభాషలనే ఎంచుకున్నారంటే, ఏ పత్రిక మాట పొలం గట్టు దాకా వెళుతుందో పాలకులకు బాగానే తెలుసు. టంగుటూరి ప్రకాశం పంతులు సంగతి అంతకంటే స్పష్టంగా ఉంటుంది. ‘స్వరాజ్య’ పత్రిక కోసం సంపాదించినదంతా పోగొట్టుకున్న ఆ మనిషే, 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రి అయి, జమీందారీ రైతుల స్థితిపై వేసిన విచారణ కమిటీకి అధ్యక్షత వహించారు. భూమి రైతుదేననీ, శిస్తులను 1802 నాటి స్థాయికి తేవాలనీ ఆ కమిటీ సిఫారసు చేసింది. రైతు శిస్తు స్థిరంగా ఉండాలని రామమోహన్ రాయ్ లండన్‌లో రాసిన నూటికి పైగా ఏళ్లకు మన భాష మాట్లాడే మంత్రి నోట ఆ మాట వినబడింది. అది చట్టం కాకముందే 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన సాగించిన రైతు రక్షణ యాత్ర, అప్పటికి విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న మందస జమీందారీలో 1940 నాటి పోలీసు కాల్పులు, అందులో నేలకొరిగిన వీర గున్నమ్మ, ఇవన్నీ అయ్యాక గానీ 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం రాలేదు.

జమీందారీలు పోయాయి గనుక రామమోహన్ రాయ్ ప్రశ్న తీరిపోయిందని అనుకోవడానికి లేదు. చట్టం చూసే రైతు పట్టాదారు. పొలంలో కనిపించే రైతు చాలాచోట్ల కౌలుదారు. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం, 2011లో రుణ అర్హత కార్డులు ఇచ్చిన చట్టం, దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం, ఈ మూడూ దాటినా చిక్కు మౌలికంగా అలాగే ఉంది. 2019 చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద సాగుదారుకు కార్డు ఇస్తామంది, కానీ ఆ ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న శంక యజమానికి ఉంటుంది. చట్టంలో అందుకు ఆస్కారం లేకపోయినా ఆ శంక తీర్చినవారు లేరు. కార్డు లేని కౌలుదారుకు బ్యాంకు రుణం దొరకదు. తుపాను తరువాత వచ్చే పెట్టుబడి రాయితీ అడంగల్‌లో, అంటే గ్రామ సాగు లెక్కలో, పేరున్నవారి ఖాతాకే చేరుతుంది. కౌలు మాత్రం ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన జిల్లాను ఊడ్చిపెట్టినప్పుడు పంట పోయినది ఎవరికో, పరిహారం జాబితాలో పేరు ఎవరిదో పోల్చి చూసినవారికి ఈ మాట కొత్త కాదు. జమీందారు పేష్కషు స్థిరమై రైతు శిస్తు గాలికి పోయినట్టే, ఇప్పుడు యజమానికి పట్టా స్థిరం, సాగుదారుకు ఏడాదికో బేరం.

నగర పాఠకులకు ఇది పల్లె గొడవగా తోచవచ్చు. కౌలు గిట్టక సేద్యం వదిలిన ఇళ్ల పిల్లలే పరవాడ, అచ్యుతాపురం, గాజువాక పరిసరాల్లో కాంట్రాక్టు కార్మికులుగా చేరుతున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే విష రసాయన ఆవిరి 12 మందిని పొట్టన పెట్టుకుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక మందుల కర్మాగారం ప్రమాదంలో 17 మంది మరణించారు. రెండుసార్లూ మన పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి, బాధితుల పక్షాన నిలబడ్డాయి, కాదనను. కానీ రామమోహన్ రాయ్ మహజరులో చెప్పింది పాలకుడు జోక్యం చేసుకోవలసిన సంగతిని సమయానికి ఆయన దృష్టికి తేవడం గురించి. తనిఖీలు ఎప్పుడు జరిగాయి, ఏ లోపాలు తేలాయి, వాటిని సరిదిద్దారా లేదా అన్నవి ప్రమాదానికి ముందు ఏ జిల్లా సంచికలోనూ నాకు కనబడవు. అంత్యక్రియల తరువాత రాసే సంపాదకీయాన్ని ఆయన కోరిన సులువైన మార్గంగా లెక్కవేయలేం.

రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం 19వ అధికరణ కింద ప్రాథమిక హక్కు అయింది, పత్రికా స్వేచ్ఛ అందులో భాగమని సుప్రీంకోర్టు 1950 నుంచి చెబుతూ వస్తోంది. సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడకూడదన్న మాట 39వ అధికరణలో ఆదేశిక సూత్రంగా ఉంది. మొదటిదాని కోసం కోర్టుకు వెళ్లవచ్చు, రెండవదాని కోసం వెళ్లలేం. రాజ్యాంగ నిర్మాతలకు అందుకు తగిన కారణాలు ఉన్నాయి. అయితే ఈ విభజన వల్ల, పత్రికా స్వేచ్ఛ అంటే పత్రికల వ్యవహారమనీ, ఆర్థిక న్యాయం అంటే ప్రభుత్వ పథకాల వ్యవహారమనీ వేరుచేసి చూసే అలవాటు మనకు ఏర్పడింది. ఆ అలవాటు రామమోహన్ రాయ్‌లో లేదు.

ఇక్కడ మీకు కొంచెం ఇబ్బంది కలిగించే మాట ఒకటి అనవలసి ఉంది. ఆయన కాలంలో మఫసలు కోర్టుల్లో విలేకరులే లేరు. ఇప్పుడు ప్రతి మండలంలోనూ ఉన్నారు. అయితే మండల విలేకరుల్లో అత్యధికులు జీతగాళ్లు కారు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన మేరకు కొలిచి ఇచ్చే సొమ్ము మీద పనిచేసేవారు. పండుగలకూ జయంతులకూ ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా వారిదే. ఏ మిల్లు యజమాని గురించి, ఏ క్వారీ కాంట్రాక్టరు గురించి, ఏ స్థానిక నాయకుడి గురించి వార్త రాయాలో, ఆ మనిషి దగ్గరికే ప్రకటన కోసం వెళ్లవలసి వస్తే కలం ఎంత దూరం నడుస్తుంది? ‘మిరాత్-ఉల్-అఖ్బార్’ను ద్వారపాలకుడి దగ్గర నిలబెట్టరాదని ఆయన పత్రికే మూసుకున్నారు. మన గ్రామీణ విలేకరి ప్రతి నెలా నిలబడే గుమ్మాలు ఎన్నో ఉన్నాయి, వాటికి ఏ శాసనమూ అక్కరలేదు. పత్రికా ఉద్యోగుల కోసం 1955లోనే చట్టం వచ్చింది. మజీఠియా వేతన సంఘం సిఫారసులు 2011లో నోటిఫై అయ్యాయి, 2014లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. లైన్ అకౌంట్ విలేకరికి వాటి వల్ల దక్కింది నామమాత్రం. విలేకరికి ఆర్థిక న్యాయం లేని చోట కౌలుదారు ఆర్థిక న్యాయం గురించి వార్త రావాలని ఆశించడం అత్యాశ. ఏ ఒక్క యాజమాన్యాన్నో ఉద్దేశించి ఈ మాట అనడం లేదు. పత్రికలకు న్యూస్‌ప్రింట్ భారం, తగ్గుతున్న చందాలు, ప్రభుత్వ ప్రకటనల మీద ఆధారపడవలసిన స్థితి ఉన్నాయని తెలుసు. ఆ చివరిదే అసలు చిక్కు. 1823 లైసెన్సును ఒక్క సంతకంతో వెనక్కి తీసుకునేవారు. ప్రకటనను ఆ సంతకం కూడా లేకుండా ఆపవచ్చు.

రామమోహన్ రాయ్‌ను దేవుణ్ని చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. ఐరోపావారు ఇక్కడ స్థిరపడితే దేశం బాగుపడుతుందని ఆయన నమ్మారు. నీలిమందు తోటల యజమానుల పక్షాన 1829లో సానుకూలంగా మాట్లాడారు. ఆ తోటల్లో రైతు ఏమయ్యాడో తరువాతి చరిత్ర చెప్పింది. ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యాన్ని, ఉప్పు వండే మలంగీల దుస్థితిని ఎండగట్టిన ఆయనే, ఇంగ్లండు నుంచి చవకగా ఉప్పు తెప్పించుకోవచ్చన్నారు. ఉప్పుమడుల మీద బతికిన భీమునిపట్నం, నౌపడ ప్రాంతాలవారికి ఆ సలహా రుచించదు. శాశ్వత నిర్ణయాన్నే రద్దు చేయమని కూడా ఆయన అడగలేదు. దాని లాభాన్ని రైతుకూ పంచమన్నారు. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా, పత్రికను శిస్తుతో ముడిపెట్టి చూసిన ఆ చూపు చెక్కుచెదరదు.

అందువల్ల మీకు ఒక విజ్ఞప్తి. మీ విశాఖ, అనకాపల్లి జిల్లా సంచికల్లో సినిమా కబుర్లకూ, నాయకుల పుట్టినరోజు ఫొటోలకూ ఇస్తున్న చోటులో కొంత తగ్గించి, వారానికి ఒక అర పేజీని మూడు సంగతులకు కేటాయించండి. ఒకటి, మండలాల వారీగా ఆ సీజనులో కౌలు ఎన్ని బస్తాలు పలుకుతోంది, ఎంతమంది సాగుదారులకు కార్డులు అందాయి, ఎన్ని దరఖాస్తులు ఏ కారణంతో ఆగాయి అన్న వివరం. ఇది రైతు సేవా కేంద్రాల్లోనూ, తహసీల్దారు కార్యాలయాల్లోనూ అడిగితే దొరికేదే, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. రెండు, జిల్లాలోని కర్మాగారాల తనిఖీల్లో తేలిన లోపాలు, వాటిపై తీసుకున్న చర్యలు. మూడు, చోడవరం, నర్సీపట్నం, భీమునిపట్నం వంటిచోట్ల కింది కోర్టుల్లో నడుస్తున్న భూమి, కూలి వ్యాజ్యాలలో వాయిదాలు ఎన్ని, తీర్పులు ఏమిటి అన్న క్లుప్త సమాచారం. ఈ అర పేజీ రాసే విలేకరికి ప్రకటనల లక్ష్యం పెట్టకుండా, నెలకు ఇంత అని జీతం ఇవ్వవలసిందిగా కూడా కోరుతున్నాను. రెవెన్యూ లెక్కలు చదవడం కొత్తవారికి కష్టమనిపిస్తే, అడంగల్, 1-బి, జమాబందీ వంటివి విప్పి చెప్పడానికి ఈ నగరంలో నావంటి విశ్రాంత ఉద్యోగులు చాలామందే ఉన్నారు. పారితోషికం ఆశించకుండా వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
విశాఖపట్నం